మావయ్యకు నేను చెప్పిన అంకె

నాలుగేళ్లుగా ఒక అంకె నా గొంతులో ఉండిపోయింది. దాన్ని ఈరోజు మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

పిల్లల్ని నా మీద వదిలి వాళ్లు వెళ్లిపోతారన్న భయం మొదట కలిగిన క్షణం నాకు బాగా గుర్తుంది. మా మావయ్య, అంటే మా ఆయన నాన్న, బస్సు డ్రైవరుగా రిటైరైన మర్నాడు, టెక్కలిలో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు. నా ఒళ్లో ఆరు నెలల బాబు. మావయ్య పెరుగన్నం కలుపుకుంటూ, ఎవరివైపూ చూడకుండా, "వచ్చే నెల్నించి నేనూ మీ అత్తా తోటకాడే ఉంటాం అమ్మా. హారన్లు ఇనీ ఇనీ సెవులు పోనాయి" అన్నారు. అత్తయ్య నవ్వింది. ఆమె అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నా చెయ్యి బాబు నడుం చుట్టూ బిగుసుకుంది.

తోట అంటే ఉద్దానంలో, జలంత్రకోట దగ్గర. కొబ్బరి, జీడిమామిడి, మధ్యలో రెండు గదుల పెంకుటిల్లు. ఉద్యోగం అయిపోగానే అక్కడికే వెళ్లాలని ఆయన ఎన్నేళ్లుగానో అనుకుంటున్నారు. మా అందరికీ తెలుసు. తెలిసినా, ఆ రోజు ఎప్పటికీ రాదన్నట్టు నేను కాలేజీలో మళ్లీ పాఠాలు చెప్పడానికి ఒప్పేసుకున్నాను. మా ఆయన ఉద్యోగం పలాసలో. పొద్దున్న వెళితే చీకటి పడ్డాకే రావడం. వాళ్లిద్దరూ వెళ్లిపోతే మూడేళ్ల పాపను, బాబును ఎవరు చూస్తారు?

ఉద్దానం ఊళ్లలో "నీకెంతుంది?" అని ఒకరినొకరు అడిగితే అది పొలం గురించి కాదు. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చిందని. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఆ ఊళ్లలో, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే అంకె అది; జబ్బు అక్కడి నీళ్ల వల్లేనని చాలామంది నమ్మకం. పాయింట్లు అంటారు. పాయింట్లు పెరిగాయంటే ఆ ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. అయిదు దాకా పెరిగితే డయాలసిస్.

తోటకు వెళ్లేముందు ఓసారి చూడాలని, ఆ వారమే మావయ్యకు పరీక్ష చేయించాం. రిపోర్టు తేవడానికి నేనే వెళ్లాను. సున్నా పాయింటు తొమ్మిది. ఏ లోపమూ లేదు. ల్యాబు నుంచి ఇంటికి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లో నేను ఇంకో మనిషినయ్యానని చెప్పుకోవాలని ఉంది. కాదు. నేనే.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నారు మావయ్య, అరుగు మీద నుంచే.

"ఒకటీ పాయింటు ఎనిమిది, మావయ్యా."

"కాయితం ఏదీ, ఓపాలి సూస్తాను" అని చెయ్యి చాపారు.

నేను నోరు తెరిచేలోపు అత్తయ్య మాట అందుకుంది. "సూసి ఏటి సేత్తావు? బస్సు బోర్డనుకున్నావేటి సదివీడానికి? డిగ్రీ సదివిన పిల్ల సెప్తంది కదా."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాగితం నా సంచిలోనే ఉంది. మందులు అక్కర్లేదట, ఉద్దానం నీళ్లు మాత్రం మానాలట, టెక్కలిలోనే ఉండాలట, అన్నాను. డాక్టరు అన్నట్టు చెప్పాను. నేను ఏ డాక్టరునూ కలవలేదు.

ఆ తర్వాత ఆరు నెలలకోసారి పరీక్ష. ప్రతిసారీ పాయింటు తొమ్మిదికి కాస్త అటూ ఇటూ; ప్రతిసారీ కాగితం నేనే తెచ్చి, నేనే దాచేదాన్ని. ప్రతిసారీ నేను "పెరగలేదు మావయ్యా, ఇక్కడున్నారు కాబట్టే" అనేదాన్ని. మా ఆయనకూ అదే చెప్పాను.

తోట కౌలుకిచ్చారు. మావయ్య బారువ ఎండుచేపలు మానేశారు. నేను మానమనలేదు. కొబ్బరినీళ్లు మానేశారు. అదీ నేను అనలేదు. ఆ జబ్బున్నవాళ్లు తాగకూడదని ఊళ్లో ఎవరో చెప్పారట. కౌలుదారు బస్సు మీద బొండాలు పంపితే పిల్లలకు కొట్టి ఇచ్చి, కత్తి కడుక్కుని లోపలికి వెళ్లిపోయేవారు. కొబ్బరి తోట ఉన్న మనిషి నాలుగేళ్లు కొబ్బరినీళ్లు ముట్టలేదు. నేను చూస్తూ ఉన్నాను.

పిల్లల కోసం చేశానా? అక్కడి నీళ్లంటే నాకు నిజంగా భయమే, ఇప్పటికీ ఉంది. కానీ భయాన్ని భయంగా చెప్పి, ఆ పైన ఎక్కడ ఉండాలో ఆయన్నే తేల్చుకోనివ్వాల్సింది. నేను అలా చెప్పకపోవడానికి కారణం, చెబితే ఆయన విని కూడా వెళ్లిపోతారని తెలియడమే. ఎన్నో ఇళ్లను కూల్చిన మాటను, ఆ జబ్బు లేని మనిషికి, నా ఉద్యోగం సాగడానికి వాడుకున్నాను. ఇంతకంటే మంచి మాటలు ఏరుకోవాలని చూశాను. దొరకలేదు.

నిన్న కాలేజీ నుంచి రాగానే పాప అడిగింది. "అమ్మా, తాతయ్యకి అయిదు పాయింట్లు ఎప్పుడొస్తాయి? వస్తే ఆసుపత్రిలో వెయ్యొద్దని, తోటకి తీసికెళ్లిపొమ్మని నాకు చెప్పాడు."

చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి వెళ్లాను. మావయ్య బాబు చొక్కాలు ఆరేస్తున్నారు. నిలబడే అంతా చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆయన నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను.

"పాయింటు తొమ్మిదా?" అన్నారు. అవునన్నాను. మళ్లీ అడిగారు. మళ్లీ అవునన్నాను. మిగిలిన చొక్కా కూడా ఆరేసి, క్లిప్పు పెట్టి, "మీ అత్తకి నువ్వే సెప్పు" అని బయటికి వెళ్లిపోయారు.

అత్తయ్యకు చెప్పాను. మా ఆయనకు చెప్పాను. ఎవరూ తిట్టలేదు, ఫర్వాలేదని కూడా ఎవరూ అనలేదు. క్షమించమని అడగడానికి నాకు హక్కూ లేదు. కానీ చాలా కాలానికి, పడుకోగానే నిద్రపట్టింది. సిగ్గుపడాల్సినంత హాయిగా.

ఈ పొద్దున్న మావయ్య మొదటి బస్సుకే తోట చూడటానికి వెళ్లారు. పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. "తాతయ్యకి ఏ జబ్బూ లేదు. ఉందని అమ్మ అబద్ధం చెప్పింది. తాతయ్యా నానమ్మా ఇక వాళ్ల తోటలో ఉంటారు."

బాబు అడిగాడు, "మరి నన్ను బడి నుంచి ఎవరు తెస్తారు?"

"ఇంకా తెలీదు నాన్నా," అన్నాను. "అది అమ్మా నాన్నా చూసుకోవాలి. తాతయ్య పని కాదు."