ముల్లా సాబు కత్తి

నా చిన్నప్పుడు మా ఊళ్లో యాట, అంటే మేకో గొర్రో, తెగాలంటే ముల్లా సాబు రావాల్సిందే. సాయబుల ఇళ్లలోనే కాదు, మా ఇళ్లలోనూ అంతే. పెళ్లి దావత్ అయినా, పురుడు దావత్ అయినా ఆయన వచ్చి, దేవుడి పేరు చదివి కోస్తేనే ఊరంతా ఒకే కాగులో వండిన కూర తినేవాళ్లం. ఆయన కోయని కూర సాయబులు ముట్టరు. సాయబులు ముట్టని కూరతో పెట్టినదాన్ని మా నాయనమ్మ దావత్ అనేదే కాదు. జమ్మికుంట దగ్గరి మా పల్లెలో ఇది ఒకరు ఇంకొకరికి నేర్పిన సంగతి కాదు. కోతకు ముందు కొడవలి నూరుకున్నట్టు, వంటకు ముందు ముల్లా సాబుకు కబురు పెట్టేవాళ్లు.

ఇప్పటి పిల్లలకు ఈ మాట చెప్తే నోరు తెరుస్తారు. తెరవనీ. నేను కళ్లారా చూసిందే చెప్తున్నాను.

మా అక్క పెళ్లి నిజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలంలో జరిగింది. అంతకుముందు గడబిడలో బయటినుంచి వచ్చిన నిజాం తరఫు మూకలు మా చిన్నాయన అత్తగారి ఊళ్లో గరిసెల్లోని ధాన్యం దోచుకుని, ఆయన మామను కొట్టిపోయారు. రాజ్యం మారాక మరికొన్ని ఊళ్లలో ఏ పాపం ఎరగని సాయబుల ఇళ్లమీద జనం పడ్డారు. మా ఊళ్లో ఎవరి మీదా చెయ్యి పడలేదు గానీ, ముల్లా సాబు తలుపు మూసుకున్నాడు. తెల్లవారుజామున వినిపించే ఆయన అజాన్ కూడా ఆగిపోయింది. పెళ్లాం పిల్లలతో హైదరాబాదు వెళ్లిపోతాడని, బండి కూడా మాట్లాడుకున్నాడని వాడకట్టులో చెప్పుకున్నారు. ఆయన భార్యను నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని. మా అవ్వకు, అంటే అమ్మకు, పొలం పని ఎక్కువైన రోజుల్లో నాకు తల దువ్వి జడ వేసింది ఆమే. ఆమె వెళ్లిపోతుందంటే నాకు అన్నం సహించలేదు.

పెళ్లి బాగానే జరిగింది. మరునాడు దావత్. దొడ్లో రెండు యాటలు దావత్‌కు, ఇంకొకటి కొత్త జంట పేరున పోచమ్మకు మొక్కినది కట్టేసి ఉన్నాయి. మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, పడుచువాడు, కోపిష్టి. ఈసారి ముల్లా ఎందుకు, మనమే కోసుకుందాం అన్నాడు. మామకు తగిలిన దెబ్బలు ఆయన మనసులో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బాపు ఎటూ తేల్చలేక నీళ్లు నమిలాడు. పొద్దెక్కితే మగపెళ్లివారు ఏమంటారోనన్నదే ఆయన పరేషాన్.

నాయనమ్మ ఎవరితోనూ వాదించలేదు. దావత్ యాటల పలుపులు రెండూ గుంజ నుంచి విప్పి తెచ్చుకుని, పాదాల కింద తొక్కిపెట్టి, దొడ్డి గడప మీద కూర్చుంది. తీరిగ్గా ఆకూ వక్కా నోట్లో వేసుకుంది.

"ముల్లా రాంది నా యాట తెగది. ఆకలైతే పెండ్లోళ్లకు మక్క గటుక పోయుండ్రి" అంది.

పొయ్యిలు తవ్వి ఉన్నాయి, కాగులు కడిగి బోర్లించి ఉన్నాయి. పొద్దు ఇంటికప్పు దాటింది. వియ్యంకుడు వచ్చి వంట సంగతి అడిగి వెళ్లాడు. ఇంటి పరువు ఆ రెండు పలుపుల దగ్గర ఆగిపోయింది. చివరికి చిన్నాయనే విసురుగా వెళ్లి పిలిచి, అంతే విసురుగా తిరిగి వచ్చాడు. ముల్లా సాబు రానన్నాడట, మీరే కోసుకోండి, మేం తినకపోయినా ఏమీ అనుకోము అన్నాడట. ఇంకేం కావాలి నీకు అన్నట్టు తల్లివైపు చూశాడు. నాయనమ్మ లేచి, పలుపులు బాపు చేతిలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

ముల్లా సాబు ఇంట్లో మూటలు కట్టి ఉన్నాయి. మంచం నులక కూడా విప్పేశారు. ఆయన నాయనమ్మను చూసి లేచి నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు. నాయనమ్మ దెబ్బలాడుతుందనుకున్నాను. ఆమె మెల్లగా, ఎందుకు రాలేదు కొడుకా అని మాత్రమే అడిగింది.

"నాకు రావాలనే ఉన్నదవ్వా. కని నేను కత్తి వట్టుకొని గా చావడి ముంగట నడిస్తె, చూసెటోళ్లకు యాట యాదికొస్తదా? నాకు పిల్లలున్నరు."

అన్నాళ్లూ నేను ఆయనకు మా మీద కోపమేమో అనుకున్నాను. అది భయమని ఆ మాటతో తెలిసింది. ఊరందరికీ దావత్ కత్తిగా తెలిసిన ఆ కత్తి, ఆయన చేతిలో ఉంటే ఇప్పుడు ఇంకోలా కనిపిస్తుంది. పెద్ద మనిషి అలా భయపడటం నేను మొదటిసారి చూశాను. నాకు ఏడుపొచ్చింది.

నాయనమ్మ నమలడం ఆపింది. కత్తి ఏదని అడిగింది. ఆయన వాసాల సందులోంచి గుడ్డ చుట్టిన కత్తి తీసి ఇచ్చాడు. ఆమె గుడ్డ విప్పి నా భుజాన వేసి, కత్తిని అందరికీ కనిపించేలా చేత పట్టుకుంది.

"కత్తి నేను వట్టుకుంట. నువ్వు ఒట్టి చేతులతోటి నా పక్కపొంటి నడువు" అంది.

అలా నడిచాం. మధ్యలో కత్తి పట్టుకున్న ముసలామె, ఒక పక్క ముల్లా సాబు, ఇంకో పక్క నేను. చావడి దగ్గర కూర్చున్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. ముల్లా సాబు అడుగు తడబడటం నేను చూశాను. నాయనమ్మ ఆగి, దావత్‌కు తొందరగా రమ్మని, ఆలస్యమైతే బొక్కలే మిగులుతాయని వాళ్లను పిలిచింది. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో నాకూ ఊపిరాడింది.

ఇంటికొచ్చాక ఆమె కత్తిని ముల్లా సాబుకు ఇవ్వలేదు. చిన్నాయన చేతిలో పెట్టి, ఆయనకియ్యి అంది. చిన్నాయన మొహం చిట్లించుకుని, కత్తి కింద పెట్టబోయాడు. కత్తిని చేతికి చేతికి ఇస్తే పగ పుడుతుందని మా వైపు నమ్మకం. కింద పెడితే అవతలివాళ్లు తీసుకుంటారు. మంచి సాకు దొరికింది ఆయనకు.

"ఉన్న పగ సాలదా, ఇంకా కొత్తది ఎక్కడికెళ్లి అస్తది? చేతికే ఇయ్యి" అంది నాయనమ్మ. "పిడి ఆయన దిక్కు పెట్టు."

పిడి అటు తిప్పాలంటే పదును వైపు తనే పట్టుకోవాలి. చిన్నాయన రెండు వేళ్లతో కత్తి అలుగు పట్టుకుని చాచాడు. ముల్లా సాబు వెంటనే లాక్కోలేదు. పిడి మీద చెయ్యి వేసి, "ఏళ్లు జర పైలం బిడ్డా" అని, చిన్నాయన వేళ్లు తప్పుకునేదాకా ఆగి తీసుకున్నాడు. చిన్నాయన తల దించుకున్నాడు. ఆ తర్వాత యాటల కాళ్లు పట్టుకున్నది ఆయనే.

రెండు యాటలూ అయ్యాయి. అప్పుడు చిన్నాయనకు ఎక్కడలేని హుషారు వచ్చి, పోచమ్మకు మొక్కిన యాటను కూడా లాక్కొచ్చి ముల్లా సాబు ముందు నిలబెట్టాడు. ఇది సుత నువ్వే కొయ్యి మామా అన్నాడు. పాపం, మంచికే అన్నాడు. ముల్లా సాబు కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"అది అమ్మకు ఒప్పజెప్పింది. దాని మీద నేను చదివేది చదివితె అటు అమ్మదీ కాదు, ఇటు నాదీ కాదు. మీ తీరుగ మీరు చేసుకోండ్రి. మొక్కు మంచిగ చెల్లాలె."

పోచమ్మ దగ్గరికి మేళం కదిలినప్పుడు ఆయన చేతులు కడుక్కుని, గోడవారగా నిలబడి దారి ఇచ్చాడు. ఆ కూర నాయనమ్మ వేరే కుండలో వండింది. అది ఆయన తినలేదు, తినమని మేమూ అడగలేదు. కాగులో కూర మాత్రం అందరం ఒకే బంతిలో కూర్చుని తిన్నాం. చిన్నమ్మ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. కలిసి తినాల్సింది ఏదో, ఎవరిది వాళ్లకు వదలాల్సింది ఏదో ఆ రెండు గిన్నెల దగ్గరే నాకు తెలిసింది. తర్వాత పెద్ద పెద్ద మాటలు చాలా విన్నాను గానీ, అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

మరునాడు తెల్లవారుజామున అజాన్ వినిపించింది. నాయనమ్మ కళ్లు తెరవకుండానే, లేసిండు అని గొణిగి, అటు తిరిగి పడుకుంది. మాట్లాడుకున్న బండి రాలేదు. కత్తి మాత్రం కొన్నాళ్లు మా ఇంట్లోనే ఉంచమని ముల్లా సాబు అడిగాడు. ఊళ్లో ఎవరింట యాట తెగినా చిన్నాయన ఆ కత్తి పట్టుకుని ఆయన వెంట వెళ్లేవాడు. మరుసటి ఏడాది పంటలు ఇంటికొచ్చాక ఒకరోజు, ఇక నేనే పట్టుకుంటాలే అని ముల్లా సాబే వచ్చి తీసుకుపోయాడు. ఒంటరిగా, చావడి ముందు నుంచే వెళ్లాడు. ఆయన చివరిదాకా మా ఊళ్లోనే బతికాడు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో కొడుకు ఇంట్లో కూరగాయలు తరుగుతూ కూర్చుంటాను. మధ్యలో ఎవరికైనా కత్తి కావాలంటే చేతికే ఇస్తాను. నాయనమ్మా, చెయ్యి తెగుతుంది, కింద పెట్టు అని మనవరాలు కోప్పడుతుంది. పెట్టను. పిడి దాని వైపు తిప్పి, అది గట్టిగా పట్టుకునేదాకా పదును నా వేళ్ల మధ్యే ఉంచుకుంటాను.