అక్క చంద్రహారం అమ్మించిన బావ గురించి

నిన్న మధ్యాహ్నం ఏలూరులో ఆఫీసులో ఉన్నాను. చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, రాంబాబు బావగారు లేరే."

ఎక్కడికెళ్ళారు అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను.

డ్యూటీలో ఉండగానే గుండెనొప్పట. హాస్పిటల్‌కి చేర్చేలోపే అంతా అయిపోయిందట.

ఫోన్ పెట్టేశాక చూస్తే ఆయన వాయిస్ మెసేజ్ ఉంది. పొద్దున పంపింది. పనిలో పడి వినలేదు.

"చిన్న డౌటమ్మా. మీ అక్క బిజినెస్ పెరుగుతోంది కదా. ఇలాగే తనొక్కదాని పేరు మీద ఉంచితే మంచిదా, ఎల్‌ఎల్‌పీ అని పార్ట్‌నర్‌షిప్ కంపెనీ పెడితే ట్యాక్స్ తగ్గుద్దా? కంగారేం లేదులే, ఖాళీ అయ్యాక చెప్పు."

వెనకాల మెషీన్ల చప్పుడు.

నిన్నటి నుంచి ఆ గొంతు నన్ను వదలడం లేదు. ఎవరు పలకరించినా ఆయనే డౌటడుగుతున్నట్టుంది.

తెలియనివాళ్ళకి చెబుతున్నాను. రాంబాబు బావ అంటే మా పెదనాన్న కూతురు నాగమణి అక్క భర్త. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్. నేను ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి ఆయన డౌట్లన్నీ నాకే వచ్చేవి.

అక్క రొయ్యల పచ్చడి మీలో చాలామంది తినే ఉంటారు. కొల్లేటికోట నుంచి రొయ్యలు తెప్పించి పడుతుంది.

ఆ పచ్చడి వెనక మీకు తెలియంది ఒకటుంది. అది చెప్పడానికే ఈ పోస్ట్.

మొదట బావ తన పేరు మీదే మొదలుపెడదామనుకున్నారు. అలా అయితే లాభం జీతానికి కలిసి ట్యాక్స్ ఎక్కువ పడుతుంది. పైగా ఉద్యోగంలో ఉండి వేరే వ్యాపారం చేయడానికి కంపెనీ ఒప్పుకోదు. సరే, అందరూ చేసేదే చేద్దామన్నారు. డబ్బు ఆయనది, పేరు అక్కది.

నేనే వద్దన్నాను. మీరు ఊరికే ఇచ్చిన డబ్బుతో పెడితే ఆ లాభం మళ్ళీ మీ ఆదాయంలోనే కలుపుతారండి, అక్క సొంత డబ్బు పెట్టి అక్కే నడిపితేనే అది అక్క ఆదాయం అవుతుంది అన్నాను.

అక్కకి సొంతమంటూ ఉన్నది పుట్టింటివాళ్ళు పెట్టిన చంద్రహారం ఒక్కటే. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. అక్కే వెళ్ళి అమ్మింది.

ఇక చూడండి. ఉద్యోగం చేసుకుంటూ పెళ్ళాం బంగారం అమ్ముకున్నాడని గూడెం నుంచి గణపవరం దాకా పాకిపోయింది. పేకాట అప్పులన్నవాళ్ళూ ఉన్నారు. గణపవరంలో వ్యవసాయం చేసే మా పెదనాన్నయితే అల్లుడితో మాటలే మానేశారు. ఆ హారం ఆయన ధాన్యం అమ్మి చేయించింది మరి.

ఉన్న సంగతి చెప్పేస్తామని అక్కా నేనూ ఎన్నోసార్లు అన్నాం. బావ చెప్పనివ్వలేదు.

"ట్యాక్స్ కోసం అమ్మామంటే మావయ్యగారు ఇంకా బాధపడతారమ్మా. వ్యాపారం నిలబడనీ. ఆయనకే తెలుస్తుంది."

మాట పడ్డారు గానీ ఆ వ్యాపారంలో తన జీతంలో రూపాయి కూడా కలవనివ్వలేదు. ఒకసారి గూడెం బస్టాండు నుంచి ఖాళీ సీసాల పెట్టెలు ఆటోలో ఇంటికి తెచ్చి, కిరాయి ఇవ్వకుండా అందులోనే కూర్చున్నారట.

"ఏవండీ, జేబులో డబ్బులు కనబడుతున్నాయి కదండీ" అన్నాడట ఆటో అతను.

"అవి నావండీ. ఓనరుగారు వచ్చి ఇస్తారు" అన్నారట. ఓనరుగారు పచ్చడి చేత్తోనే బయటికొచ్చి తిట్టుకుంటూ ఇచ్చిందట. అంత పట్టింపు అక్కర్లేదు బావా అని ఎన్నిసార్లు చెప్పానో.

రొయ్యల బేరం చేయడానికి మొదట్లో అక్క భయపడేది. ఆయన మాత్రం పక్కన చేతులు కట్టుకుని నిలబడేవారు. ఇప్పుడు అక్కతో బేరమాడి నెగ్గడం ఎవరి తరమూ కాదు.

నిన్న సాయంత్రం అక్కావాళ్ళ ఇంటి నిండా జనం. ఎవరో అంటున్నారు, పాపం, ఆ పిల్లకి మెడలో బంగారం కూడా మిగల్చకుండా పోయాడని. బావ అక్కడే పడుకుని ఉన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెదనాన్న దగ్గరికెళ్ళి అందరూ వినేలా మొత్తం చెప్పేశాను. హారం ఎందుకు అమ్మారో, లైసెన్సు, బ్యాంకు ఖాతా, వచ్చిన ప్రతి రూపాయీ ఎవరిదో చెప్పాను. పెదనాన్నా, మీ హారం ఎక్కడికీ పోలేదు, రేపటి నుంచి అక్క బతికేది దాని మీదే అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు.

"మరి నాతో ఒక్క మాట అనలేదేమ్మా ఎవరూ?"

బావే చెప్పొద్దన్నారు పెదనాన్నా అన్నాను.

ఆయన మెల్లగా వెళ్ళి బావ తల దగ్గర కూర్చున్నారు. "బాబూ... రాంబాబూ..." అని పిలిచారు. హారం అమ్మాక ఆయన నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. అక్క వచ్చి లేపినా లేవలేదు. పలికేదాకా పిలుస్తాను అన్నట్టు అలా పిలుస్తూనే ఉన్నారు.

బావా, మీ మీద పడ్డ మాట తుడిచేశాం. మనసులో ఏ బరువూ పెట్టుకోకుండా చల్లగా నిద్రపోండి.