గుట్ట మీద కొలిచిన ఊరు

జూరకాన్‌కు కొండలంటే ప్రేమ లేదు. పట్నం నుంచి వచ్చే పత్రికలవాళ్లు ఆమె నోట ఆ మాట అనిపించాలని చూస్తారు. ఆమె అనదు. "ఎక్కితే మోకాళ్లు పోతాయి, దిగితే ఇంకా పోతాయి" అంటుంది. సేవ అన్న మాట కూడా ఆమెకు పడదు. చాలా ఏళ్లుగా మా కొండ ఊరు కారా-బెల్‌కు ఆమే వైద్యం. డాక్టరు కాదు, నర్సూ కాదు, రెంటికీ నడుమ ఫెల్షర్ అనే ఉద్యోగం ఉంది, అది. పురుళ్లు పోస్తుంది, గుర్రం తన్నిన పక్కటెముకలకు కట్లు కడుతుంది, వోద్కా మానమని మగవాళ్లకు చెప్పి నవ్వులపాలవుతుంది. భర్త మందల వెంట ఏడాదిలో సగం కొండ పైన మేత నేలల్లోనే ఉంటాడు. బడి పక్కనున్న రెండు గదుల ఆరోగ్య కేంద్రం, దాని పొయ్యి, దాని తాళంచెవి ఆమెవి. వాటిని పోగొట్టుకోవడం ఆమెకు ఇష్టం లేదు. ఇందులో త్యాగం ఏమీ లేదు.

ఆరోగ్యశాఖ ఆమెకు ఒక టాబ్లెట్ ఇచ్చింది. రోగుల వివరాలు అందులో ఎక్కించి ఏ రోజువి ఆ రోజు పైకి పంపాలి. ఊళ్లో సిగ్నల్ రాదు. ఊరి వెనక గుట్ట ఎక్కితే మాత్రం కనుమ అవతలి టవర్ నుంచి బాగా అందుతుంది. రష్యాలో కూలిపనికి పోయిన మొగుళ్లతో పోట్లాడాలన్నా, సంతలో గొర్రెల ధర కనుక్కోవాలన్నా ఊరంతా ఆ గుట్టే ఎక్కుతుంది. జూరకాన్ టాబ్లెట్‌ను కోటు లోపల పెట్టుకుని ఎక్కేది. చలికి అది ఆరిపోతే చంకలో దాచి వేడి చేసేది.

"చంటిపిల్లలకి కూడా ఇంత చాకిరీ చెయ్యలేదు" అనేది.

ఒక వేసవి చివర రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది, నెట్ లేని ఆరోగ్య కేంద్రాలను కొత్త సంవత్సరం నుంచి మూసి పక్క ఊళ్లలో కలిపేస్తారు. మాకు పక్క ఊరంటే కనుమ దాటాలి, మంచు పడ్డాక ఆ కనుమ దారి ఉండదు. జూరకాన్ అక్కడికి పోయి పనిచేయాలి, ఇక్కడ తలుపుకు తాళం పడుతుంది. ఆ చలికాలంలో నొప్పులొచ్చే ఆడదాని సంగతి ఆ ఉత్తర్వు రాసినవాళ్లు ఆలోచించలేదు. రెండో కబురు మంచిది. నెట్ లేని ఊళ్లకు నెట్ తీగ వేయించడానికి సర్కారు డబ్బు కేటాయించింది. అయితే అందులో కారా-బెల్ లేదు. జూరకాన్ గుట్టెక్కి జిల్లా ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, మీ ఊళ్లో నెట్ ఉంది కదా, మేం కొలిచాం అన్నారు.

అంటే ఒక ఆఫీసు లెక్కలో మాకు నెట్ ఉంది కాబట్టి తీగ రాదు, ఇంకో ఆఫీసు లెక్కలో లేదు కాబట్టి వైద్యం ఉండదు. రెండు ఆఫీసులూ ఒకే వీధిలో ఉన్నాయి.

కొలిచిన మాట నిజమే. వేసవి మొదట్లో ఒక కుర్రాడు కొలిచే యంత్రంతో వచ్చాడు. నెట్ ఎలా వస్తోందో చూడాలన్నాడు. ఊరిపెద్ద ఎసెంగుల్ అతన్ని ఇంటికి పిలిచాడు. మా ఇళ్లలో వచ్చినవాణ్ణి గుమ్మానికి ఎదురుగా, అందరికన్నా లోపల, మెత్తటి పరుపుల మీద కూర్చోబెడతాం. గుమ్మం పక్కన చోటు చూపించామంటే అతన్ని కొట్టినట్టే. వచ్చినవాడు నెట్ చూడాలంటే ఇక ఎక్కడ చూపించాలి? అది ఎక్కడ బాగుంటే అక్కడే. ఎసెంగుల్ తన గుర్రం మీద అతన్ని గుట్ట ఎక్కించాడు, ఉన్ని తివాచీ పరిచాడు, పులిసిన గుర్రపుపాల కుమిస్ పోయించాడు. యంత్రం ఘనంగా అంకెలు చూపింది. కిందికి దిగాక గొర్రెను కోశారు. కుర్రాడు మోసం చేయలేదు, మేమూ చేయలేదు. కొలత సరైనదే. కొలిచిన చోట ఎవరూ కాపురం ఉండరు, అంతే.

మా ఆతిథ్యం గురించి మావాళ్లు చెప్పుకునే గొప్పలు వినీ వినీ చెవులు అరిగిపోయాయి. సర్కారు డబ్బు ఖాళీ కుండ చూపించిన ఇంటికి పోతుంది. మేం తరతరాలుగా ఖాళీ కుండను గుడ్డ కప్పి దాచడం నేర్చుకున్నవాళ్లం. ఒక్కరోజులో ఆ గుడ్డ తీయమంటే చేతులు రావు.

ఎసెంగుల్ జూరకాన్ భర్తకు అన్న. మా దగ్గర పెళ్లై ఇంటికొచ్చిన పిల్ల, తను నానమ్మ అయ్యాక కూడా కోడలే. ఆమె ఆయన ఇంటికి పోయి, గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"బావగారూ, ఆ కొలతల అబ్బాయి విషయంలో మనం పొరపాటు చేశాం."

"మనమా? గొర్రెని కోశాం. పొరపాటెక్కడుంది?"

"ఊళ్లో కొలవనివ్వాల్సింది."

"ఊళ్లో ఏముందని కొలుస్తాడు?"

"ఏమీ లేదని వాళ్లకి తెలిసేది కదా."

"అంటే ఇంటికొచ్చినవాడికి లేదు, లేదు అని చూపించి పంపాలా? మీ పుట్టింట్లో అలా చేస్తారేమో కోడలా."

"మా పుట్టింటి ఊళ్లో ఆస్పత్రి ఉంది బావగారూ."

ఆయన టీ గిన్నె కింద పెట్టాడు. "జిల్లా కేంద్రానికి పోయి ఊరి పరువు తీస్తావా?"

"తలుపుకి తాళం పడితే నేనెవరికి మందివ్వాలి?" అందామె. పోనని మాత్రం అనలేదు.

తీగ వేసే ఊళ్ల జాబితా మీద అభ్యంతరాలు వినడానికి జిల్లా కేంద్రంలో ఒక రోజు పెట్టారు. అదే వ్యానులో ఎసెంగుల్ కూడా ఎక్కాడు. ఎందుకని అడిగితే పరువుకి కాపలా అన్నాడు. ఆయన డ్రైవరు పక్కన, ఆమె వెనక ఆఖరి సీట్లో.

హాలు నిండిపోయింది. బల్ల వెనక పట్నం నుంచి వచ్చిన అధికారిణి కూర్చుంది. ఓపికగానే వింది.

"గుట్ట మీద కొలిచారంటున్నారు. అక్కడికి తీసుకెళ్లింది ఎవరు?"

"ఊరి పెద్దలండి."

"పేరు చెప్పండి."

భర్త తరఫు పెద్దవాళ్ల పేరు కోడలి నాలుక మీదికి రాకూడదు. పెళ్లయిన నాటి నుంచి ఆ పేరు జూరకాన్ పలకలేదు. ఎసెంగుల్ మూడు వరసల వెనకే కూర్చున్నాడు.

"భయమా అక్కా?"

"భయం కాదమ్మా. కోడల్ని."

వెనక నుంచి ఎవరో ఆడమనిషి, "మొగుడి పేరైనా తెలుసా లేదా?" అంది. హాలు నవ్వింది. అధికారిణి నవ్వలేదు, ఆవిడా ఏదో ఇంటి కోడలే. కాని సాక్షి లేకుండా మళ్లీ కొలవమని చెప్పే అధికారం తనకు లేదంది.

"ఎవరో ఒక పెద్దాయన" అంది జూరకాన్ నెమ్మదిగా. "ఏదో పాత తివాచీ పరిచి, కాస్త కుమిస్ పోసి..."

వెనక బెంచీ కిర్రుమంది.

"పాతదా?" ఎసెంగుల్ లేచి నిలబడ్డాడు. "మా ఇంట్లో వచ్చినవాడి కింద పాతది ఎప్పుడు పరిచాం? మా ఆవిడ రెండు చలికాలాలు కూర్చుని కుట్టిన కొత్త తివాచీ అది. కాస్త కుమిస్సంట! తిత్తెడు తాగాడు ఆ కుర్రాడు."

"ఎక్కడ తాగాడు తాతా?" అని అడిగింది అధికారిణి.

"గుట్ట మీదే. ఊళ్లో ఆ నెట్టు రాదుగా."

అన్నాక ఆగాడు. అధికారిణి తల వంచుకుని రాసుకోవడం మొదలుపెట్టింది.

తివాచీ పాతదని నిజంగా అనుకున్నావా అని తర్వాత చాలామంది జూరకాన్‌ను అడిగారు. కింద ఊళ్లోంచి అంత దూరం ఏం కనిపిస్తుంది అంటుంది. తిరుగు ప్రయాణంలో కారా-బెల్ మలుపు దగ్గర ఎసెంగుల్ మొదటిసారి వెనక్కి తిరిగాడు.

"పాతదన్నావు."

"అవును బావగారూ."

"మా ఆవిడకి తెలియనివ్వకు."

ఆకులు రాలేవేళకు అదే కుర్రాడు మళ్లీ వచ్చాడు. అలవాటు చొప్పున ఎవరో గుర్రానికి జీను కూడా వేశారు. జూరకాన్ దారికి అడ్డంగా నిలబడి అతన్ని తన గదికి తీసుకుపోయింది. గుమ్మం పక్కన రోగుల బెంచీ ఉంది, దాని మీద కూర్చోమంది. టీ ఇవ్వలేదు. ఊరి ఆడవాళ్లు కిటికీ బయట నిలబడి సిగ్గుతో చచ్చిపోయారు. ఆమె తోడికోడలు తట్టుకోలేక రుమాలులో నూనెలో వేయించిన పిండి ముక్కలు, వేడి బోర్సోక్‌లు పట్టుకొచ్చింది.

"పిల్లాడి మొహం చూడవే, పాపం, పొద్దున్నుంచి తినలేదు."

"కొలిచాక తింటాడు అక్కా."

యంత్రం తిరిగింది, తిరిగింది, చివరికి సున్నా చూపింది. అప్పుడు గొర్రెను కోశారు.

తీగ వస్తుందని రాతలో పడ్డాక మూసివేత ఉత్తర్వు మా ఊరి వరకు ఆగింది. డప్పు కొట్టుకోవాల్సిన విజయమేమీ కాదు. ఆ డబ్బు బడికి, ఆరోగ్య కేంద్రానికి మాత్రమే సరిపోతుందట, ఇళ్లకు రాదట. తీగ వచ్చాక, మొగుళ్లతో పోట్లాడేవాళ్లు ఇప్పుడు గుట్ట మాని ఆరోగ్య కేంద్రం గోడకు ఆనుకుని పోట్లాడుతున్నారు. "గొంతులు తగ్గించండి, లోపల జ్వరాలున్నాయి" అని జూరకాన్ కిటికీ కొడుతుంది.

మొన్న చలికాలంలో, కనుమ మూసుకుపోయాక, ఎసెంగుల్‌ను భార్య బలవంతంగా అక్కడికి తీసుకొచ్చింది. జూరకాన్ టాబ్లెట్‌ను బల్ల మీద నిలబెట్టి జిల్లా ఆస్పత్రి గుండె డాక్టరును పిలిచింది. ఆయన తెర మీద కనిపించాడు.

"ఎలా ఉన్నారు, పెద్దాయనా?"

ఎసెంగుల్ టోపీ సరిచేసుకున్నాడు. "బాగున్నాం నాయనా. మీరు బాగున్నారా? పిల్లలు బాగున్నారా? గొడ్డూ గోదా బాగున్నాయా?"

"ఛాతీలో నొప్పేమైనా ఉందా?"

"ఏమీ లేదు. దేవుడి దయ."

"ఉంది డాక్టరుగారూ" అంది వెనక నుంచి జూరకాన్. "వారం నుంచి ఉంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాత్రి పడుకోలేక కూర్చుంటున్నారు."

ఎసెంగుల్ తల తిప్పి ఆమె వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు. ఆయన మళ్లీ తెరవైపు తిరిగాడు.

"కోడలు చెప్తోందిగా" అన్నాడు. "రాసుకోండి."