మనోళ్ళకు ఒక మెట్టు తక్కువ

చంపాపేట్ మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే గల్లీలో ఉంది మా సర్కారు దవాఖాన. నేను అక్కడ ఫార్మసిస్టుని, పేరు మహిపాల్. పంతొమ్మిదేళ్ళుగా ఒకే కిటికీ వెనక కూర్చుని మందుబిళ్ళలు ఇస్తున్నాను. హాల్లో ఏం జరిగినా ఆ కిటికీలోంచి కనిపిస్తుంది, చూడొద్దనుకున్నా కనిపిస్తుంది. ఇది మా స్టాఫ్ నర్సు విజయశ్రీ కథ. మధ్యలో నేనూ వస్తాను. రాకుండా చెబుదామని రెండు మూడుసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

విజయశ్రీది చిట్యాల దగ్గరి పల్లె. తండ్రి బక్కయ్య గొర్లు కాసేవాడు. పొద్దున దొడ్డి తడిక తీస్తే మంద బయటికి నడుస్తుంది కదా, ఆ నడక చూసి సాయంత్రానికి ఏ గొర్రె కూలబడుతుందో చెప్పేవాడట. ఆ చూపు కూతురికి వచ్చింది. నర్సింగు చదివి పన్నెండేళ్ళు కాంట్రాక్టు మీద నలిగి, నలభై దగ్గర పడ్డాక పర్మినెంటు అయింది. మొగుడు ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఎల్‌బీ నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. మనిషి గుమ్మంలోకి రాగానే ఆమె కళ్ళు ముందు పాదాల మీద, తరవాత గోళ్ళ మీద, ఆ తరవాతే మొహం మీదికి పోయేవి. అడగకముందే సగం సంగతి తెలిసిపోయేది. తెలిసి ఏం లాభం, ఆమె పని సూదులు వెయ్యడం, రిజిస్టర్లు నింపడం.

ఎందుకంటే మా దగ్గర చెప్పుల లైను నడిచేది. తొమ్మిదింటికి తెరిచే దవాఖానకు జనం ఏడింటికే వచ్చి, వరండాలో చెప్పులు వరసగా విడిచి, పోయి చాయ్ తాగుతూ కూర్చునేవారు. మనిషి ఎక్కడున్నా చెప్పులు లైన్లో ఉంటే చాలు. మా ఆయా అండాలమ్మ ఊడ్చేటప్పుడు ఒక్కో జతను ఎత్తి, కింద ఊడ్చి, మళ్ళీ అదే చోట పెట్టేది. ఒక్కనాడూ వరస తప్పలేదు. దగ్గు మందుకొచ్చినవాడు ముందు, దమ్ముతో ఎగపోసుకునేవాడు వెనక. అదే న్యాయమని అందరూ ఒప్పుకున్నారు, నేను కూడా.

నిరుడు జూన్‌లో పైనుంచి కొత్త పద్ధతి వచ్చింది. వచ్చినవాళ్ళంతా ముందు నర్సు దగ్గరికి రావాలి. ఆమె చూసి కార్డు ఇస్తుంది. ఎర్రదైతే పది నిమిషాల్లో డాక్టరమ్మ చూడాలి, పసుపుదైతే గంటలోపు, పచ్చదైతే వరసలో. విజయశ్రీకి రెండు రోజులు ట్రైనింగు ఇచ్చారు, ఒక చార్టు ఇచ్చారు. మెట్ల కింద బల్ల వేశారు. మనిషిని ఇవ్వలేదు, ఫ్యాను ఇవ్వలేదు. రోజుకు నూటయాభై మందిని ఒక్కతే చూడాలి. జనం తిట్లు కూడా ఆమెకే.

మొదటి వారంలోనే చెప్పుల లైన్లో చిట్టచివర ఉన్న ఒక పసిపిల్లను తల్లి చేతుల్లోంచి తీసుకుని ఆమె నేరుగా డాక్టరమ్మ గదిలోకి పరుగెత్తింది. పిల్లకు ఊపిరి అందడం లేదు. బతికింది. ఆ రోజు నా కిటికీ దగ్గరికి వచ్చి, "నేను సదివిన సదువుకు గిన్నేళ్ళకు పని దొరికింది సార్" అంది. ఆమె నవ్వడం నేను అంతకుముందు పెద్దగా చూడలేదు. నాకూ సంతోషమనిపించింది, దాచుకోను.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. దసరా ముందు మా ల్యాబు అమ్మాయి తేజస్విని వాళ్ళమ్మకు షుగర్ పడిపోయి చెమటలు కారుతూ వస్తే విజయశ్రీ ఎర్ర కార్డు ఇచ్చింది. న్యాయంగా ఇవ్వవలసిందే. కానీ బెంచీ మీద రామస్వామి ఉన్నాడు. రిటైరైన గుమాస్తా, ప్రతి సోమవారం బీపీ బిళ్ళలకు వస్తాడు. ఆ రోజు మోకాళ్ళ నొప్పుల భార్యను పెట్టుకుని మూడు గంటలుగా కూర్చున్నాడు. ఫోను తీసి వీడియో చేశాడు.

"ఎర్ర కార్డులన్నీ మీ సుట్టాలకేనా సిస్టర్? మేము మనుషులం గాదా?" అన్నాడు.

ఆ వీడియో కాలనీ గ్రూపుల్లో తిరిగి తిరిగి పైవాళ్ళ ఫోన్లకు చేరింది. విజయశ్రీకి మెమో వచ్చింది. వివరణ రాసిచ్చింది. షుగర్ రీడింగు జతచేసింది. దాన్ని ఎవరు చదివారో తెలియదు. మరునాటి నుంచి ఆమె కార్డు ఇచ్చే ప్రతిసారీ హాల్లో పదిమంది, ఆ మనిషి ఎవరి చుట్టమో అని ఆరా తీసేవారు. ఒకామె అయితే ఇంటిపేరు అడిగింది.

అప్పుడు నేను తెలివైన మాట ఒకటి చెప్పాను. టీ తాగుతూ చెప్పాను, అందుకే బాగా గుర్తుంది. "ఎందుకు పరేషాన్ అయితవ్ సిస్టర్? మనోళ్ళు ఎవరొచ్చినా ఒక మెట్టు తక్కువ రాయి. ఎర్రదైతే పసుపు, పసుపుదైతే పచ్చ. గప్పుడు ఎవడు నోరెత్తుతడో సూద్దాం."

"గట్ల ఎట్ల రాస్త సార్? తప్పు గాదా?"

"మనోళ్ళే గదా, ఏమన్నయితే మనం సూసుకోమా?"

ఆమె ఒప్పుకోలేదు. కాదని కూడా అనలేదు. తరవాతి నెలల్లో మావాళ్ళు పది పన్నెండు మంది వచ్చారు, అందరికీ ఒక మెట్టు తక్కువే పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. అరుపులు తగ్గాయి. రామస్వామి ఫోను జేబులోంచి తియ్యడం మానేశాడు. దవాఖానలో నా అంత లౌక్యం తెలిసినవాడు లేడని నాకు నేనే మెచ్చుకున్నాను.

మార్చిలో ఒక సోమవారం అండాలమ్మ మొగుడు దశరథ వచ్చాడు. ఎల్‌బీ నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా షేర్ ఆటో నడుపుతాడు. యాభై రెండేళ్ళు. ఆటో గల్లీ మొదట్లో నిలిపి, నడిచి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"గ్యాసు సిస్టరమ్మా. రాత్రి దిల్‌సుఖ్‌నగర్ల బజ్జీలు తిన్న. ఛాతీ పట్టేసినట్టున్నది. గోలిచ్చి పంపుతే పోతా, గిరాకీ టైము."

విజయశ్రీ కళ్ళు పాదాల మీదికి పోయాయి, గోళ్ళ మీదికి, మొహం మీదికి. మెడ వెనక చెమట. ఎడమ చెయ్యిని కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆమె చెయ్యి డబ్బాలోని ఎర్ర కార్డు మీద పడింది. అది నేను చూశాను. రామస్వామి ఎదుటి బెంచీ మీదే ఉన్నాడు. దశరథ ఎవరి మొగుడో ఆ హాల్లో తెలియనివాడు లేడు. విజయశ్రీ తలెత్తి కిటికీలోంచి నన్ను చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె పసుపు కార్డు ఇచ్చింది. నేను గ్యాసు మందు సీసా ఇచ్చాను. దశరథ దండం పెట్టి తీసుకుని గోడ పక్క బెంచీలో కూర్చున్నాడు. అండాలమ్మ అప్పుడు అవతలి వరండా తుడుస్తోంది. మధ్యలో ఒకసారి వచ్చి చూసి, కునుకు తీస్తున్నాడనుకుని లేపకుండా పోయింది. నలభై నిమిషాలకు డాక్టరమ్మ పసుపు కార్డు పిలిచింది. అతను లేవలేదు. పక్కనున్నతను భుజం తడితే ఆ వైపుకే ఒరిగిపోయాడు.

డాక్టరమ్మ నేల మీదే ఛాతీ మీద ఒత్తింది, చేతులు పడిపోయేదాకా ఒత్తింది. 108 వచ్చింది. పెద్దాసుపత్రిలో ముందే పోయాడన్నారు. సాయంత్రం నేను వెళ్ళేటప్పటికి ఆటో ఇంకా గల్లీ మొదట్లోనే ఉంది.

విచారణ జరిగింది. ఇద్దరు ఆఫీసర్లు వచ్చి రిజిస్టరు చూశారు. పసుపు కార్డు మనిషిని గంటలోపు చూడాలి, నలభై నిమిషాలకే పిలిచారు కాబట్టి పద్ధతి ప్రకారమే జరిగిందని రాసుకున్నారు. ఎవరి తప్పూ లేదు. కార్డు రంగు ఎందుకు పసుపని వాళ్ళు అడగలేదు. అడిగితే ఆమె చెప్పేసేది, చెప్పడానికి సిద్ధంగా నిలబడింది. వాళ్ళు చాయ్ తాగి వెళ్ళిపోయారు. షుగర్ పడిపోయిన మనిషికి న్యాయంగా ఎర్ర కార్డిస్తే మెమో వచ్చింది. దీనికి ఏ కాగితమూ రాలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. అయితే ఆ కోపం కూడా నాకు ఒక చాటు అని తెలుసు.

ఆ తరవాత విజయశ్రీ అందరికీ ఎర్ర కార్డులివ్వడం మొదలుపెట్టింది. జలుబుకు ఎర్రది, గోరుచుట్టుకు ఎర్రది. డాక్టరమ్మ విజయవాడ మనిషి, కోప్పడటం రాదు. "అందరూ ఎరుపైతే నేనెవర్ని ముందు చూడాలి విజయా?" అని అడిగింది. విజయశ్రీ తరవాతి మనిషికీ ఎర్రదే ఇచ్చింది. పది రోజుల్లో కార్డులకు విలువ పోయింది, ఏడింటికే వరండాలో చెప్పులు వరస కట్టాయి. కార్డుల డబ్బా నా మందుల అలమర పైకి చేరింది. ఆమె సూదుల గది అడిగి తీసుకుంది. ఇప్పుడు తల వంచుకుని సూదులు వేస్తుంది. వచ్చినవాళ్ళ పాదాలు చూడదు. మొహాలూ చూడదు.

"నా కన్ను సెప్పింది సార్" అని ఒక్కసారి అంది నాతో. "నాయిన కన్ను. నేనే ఇనలే."

నా పేరు ఎత్తలేదు. ఎత్తితే బాగుండేది.

పదకొండో దినం అయ్యాక అండాలమ్మ పనిలోకి వచ్చింది. రాకపోతే ఏజెన్సీవాడు ఇంకొకరిని పెడతాడు. నెల రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఊడ్చింది. ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయాక సూదుల గది గుమ్మంలో బకెట్ దించి నిలబడింది. నేను మందుల డబ్బా ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"సిస్టరమ్మా, ఒక్కటి అడుగుత, నిజం సెప్పు. ఆయన నా మొగుడు గాకుంటే ఏ కార్డు ఇస్తుంటివి?"

విజయశ్రీ నా వైపు చూడలేదు. చూస్తుందేమోనని నేను భయపడ్డాను.

"ఎర్రది" అంది.

అండాలమ్మ వంగి బకెట్ పిడి పట్టుకుంది. "నేను ఈడ పని జేయకుంటే బతుకుతుండె" అని మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది. విజయశ్రీ కుర్చీలో కూలబడి మొహం కప్పుకుంది. అండాలమ్మ బకెట్ ఎత్తుకుని మెట్ల కిందికి వెళ్ళి, అక్కడ తుడవడం మొదలుపెట్టింది. తప్పంతా తను మోసుకుని పోయింది. ఆ మెట్టు తగ్గించమన్నది నేనని నేను చెప్పలేదు. నోరు తెరిచాను, మందుల డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

రోజూ పదిన్నరకు అండాలమ్మ నా కిటికీలోంచి టీ అందిస్తుంది. "సక్కెర తక్కువేపిచ్చిన సార్, మీకు షుగర్ గదా" అంటుంది. నేను తీసుకుని తాగుతున్నాను.