పల్లీ పొట్టు మేడం

మేడం పోయారన్న కబురు నాకు అమీర్‌పేటలో బస్సు దిగుతుంటే ఫోన్లో తెలిసింది. ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాలేదు, ఇంటికి తిరిగి పోబుద్ధీ కాలేదు. పంజాగుట్ట దాకా నడిచి, మళ్ళీ వెనక్కి నడిచాను. ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళకి కుదురుగా కూర్చోవడం రాదు.

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, అందరిలాగే జావా నేర్చుకుందామని ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో చేరినదాన్ని. మేడం కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరై, అమీర్‌పేటలో తన ఇంటి మేడ మీద చిన్న ల్యాబు పెట్టుకున్నారు. పొద్దున నాకు కోర్సు, మధ్యాహ్నం నుంచి ఆవిడ దగ్గర పని. హాస్టల్లో పక్క మంచాల అమ్మాయిలు ఉద్యోగాలొచ్చి ఖాళీ చేసి వెళ్తుంటే, నేను పల్లీ పొట్టు నానబెడుతూ ఉండేదాన్ని.

అవును, పల్లీల మీది ఎర్రటి పొట్టే. ఎర్రమంజిల్ వైపు పల్లీలు వేయించే బట్టీ నుంచి తెచ్చుకునేవాళ్ళం. బట్టీ నడిపే అన్నకి అది పెద్ద వింత.

“గిది పారేసుడే గద మేడం! ఏముంటది దీంట్ల?”

“వగరుంటుందయ్యా. ఆ వగరే నాకు కావాలి.”

ఆ వగరు నూనెను ముక్క వాసన పట్టనివ్వదు, ఒంటికీ మంచిదని ఆవిడ నమ్మకం. పొట్టును స్పిరిటూ నీళ్ళూ కలిపి నానబెట్టి, వడకట్టి, సన్నని వేడి మీద ఆరబెడితే ఇటుక రంగు పొడి మిగిలేది. అది ఆరేదాకా మేడం బల్ల చుట్టూ తిరుగుతూనే ఉండేవారు. కూర్చోమంటే, “అది ఆరనీ” అనేవారు. అది ఆరేలోపు ఇంకోటి మొదలుపెట్టేవారు.

ఒక వేసవిలో బంజారా హిల్స్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. పొడిని క్యాప్సూల్స్‌గా అమ్ముదామన్నాడు, నాకు ఉద్యోగమన్నాడు. నేను జావా మానేశాను. ఆ వానాకాలమంతా పొడి తీశాం. తీరా అప్పగించే ముందు మేడం అంతా పరీక్ష చేశారు. పొడి రసం చుక్కలు పెట్టిన పలకని అతినీలలోహిత దీపం కింద పెడితే, నీలంగా ఒక చుక్క వెలిగింది. తడిసిన పల్లీలకి పట్టిన బూజు విషం పొడిలోకీ వచ్చేసింది.

“ఒక్కోదాంట్లో ఎంతుంటుందండీ? మింగేవాళ్ళకి తెలుస్తుందా ఏంటి?” అన్నాడు వ్యాపారి.

“వాళ్ళకి తెలీదు. అందుకేగా మనం చూడాల్సింది.”

అతను మళ్ళీ రాలేదు. మేడం ఒక్క డబ్బా కూడా మిగల్చకుండా పొడంతా నాశనం చేయించారు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. చెప్పులేసుకుని వచ్చి, “ఏడుపయ్యాక లే. బట్టీ దగ్గరికి పోవాలి. జనం ఆ పల్లీలే తింటున్నారు” అన్నారు.

బట్టీ అన్న మండిపడ్డాడు. “నా పల్లీలల్ల విషమని నలుగురికి తెలిస్తే నా ధందా ఏం గావాలె మేడం?”

ఆవిడ అక్కడే నేల మీద చతికిలబడి, బస్తా విప్పి, ముడతలు పడినవీ రంగు మారినవీ ఏరడం మొదలుపెట్టారు. మర్నాడూ వెళ్ళారు. చివరికి ఆ అన్నే విసిగిపోయి వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపు ఏరాక లేచి, మిగతా తడి బస్తాలు తనే బయట పడేయించాడు. తర్వాత నేల చెమ్మ తగలకుండా సరుకు కింద చెక్కలు వేయించాడు.

ఆ తర్వాత తెచ్చిన పొట్టులో చుక్క వెలగలేదు. ఆ పొడి కలిపిన నూనెనూ, కలపని నూనెనూ మేడ మీద ఎండలో పెట్టాం. కలపనిది కంపు కొట్టాక బట్టీ అన్నని పిలిచి పొడి కలిపినది వాసన చూడమన్నాం.

“మస్తున్నది మేడం! నిన్న తీసిన నూనె లెక్కనే ఉన్నది.”

మేడం నవ్వగా నేను చూసింది ఆ రోజే. కొనడానికి మాత్రం ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకి నేను మళ్ళీ జావా క్లాసులకి వెళ్ళి, ఉద్యోగం తెచ్చుకున్నాను. “వెళ్ళు. కానీ ఏదైనా కంపు కొడితే కొడుతోందని చెప్పడం మానకు” అన్నారు. ఆఫీసులో ఈ మాట నాకు చాలాసార్లు చిక్కులు తెచ్చింది. మానలేదు.

కిందటి నెల మేడంని ఆసుపత్రిలో చూశాను. వాళ్ళ చెల్లెలు నానబెట్టిన బాదంపప్పులు ఒలిచి ఇస్తోంది. మేడం పప్పు ముట్టుకోలేదు. పళ్ళెం అంచున పడేసిన తడి పొట్టు ఒకటి తీసుకుని నాలిక మీద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

“ఇదీ వగరే. దీన్నెవరైనా పరీక్ష చేసి చూస్తున్నారా?” అనడిగారు నన్ను.

నేను తెలీదన్నాను. ఆవిడ దుప్పటి పక్కకి తోసి, కాళ్ళు మంచం దించి, చెప్పుల కోసం నేల మీద తడుముతున్నారు.