పది నిమిషాలు ముందుండే సర్వర్

కంప్యూటర్ నాకు ఎవరూ నేర్పలేదు. లెక్కల మీద ఇష్టంతో పాత మాన్యువల్ ముందేసుకుని నేర్చుకున్నాను. నలభై దాటాక, అందరూ హిందీ మాట్లాడే ధర్సీవా అనే ఊరి దగ్గరి ఒక ఇనుప మిల్లులో సర్వర్ చూసే పని దొరికింది. గేటు దగ్గర హాజరు కార్డు గీకే యంత్రం ఉండేది. పొద్దున్నే స్విచ్ వేయగానే అది సర్వర్‌ని చూసి తన టైము సరిచేసుకునేది.

మిల్లు డిస్పెన్సరీలో నర్సు, రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా పక్కింటావిడే; అక్కా అని పిలిచేవాణ్ణి. అప్పటికి టెంపరరీ. లేటు మార్కులు లేకపోతేనే పర్మనెంటు చేస్తామన్నారు. మిగతావాళ్ళు మిల్లు పక్క బస్తీ నుంచి ఎప్పుడో ముందే వచ్చేసేవారు. నాకు కార్డు గీకే పని లేదు, తర్వాతి బస్సుకి వచ్చేవాణ్ణి; గీకేవాళ్ళలో బస్సు మీద వచ్చేది ఆమె ఒక్కతే. యంత్రం ఆమెకు రోజూ లేటు రాసేది.

"తమ్ముడూ, రేడియో వార్తలకి కలిపిన వాచీ ఇది. నీ మషీనుకి నా మీద దుష్మనీ ఏంటి?"

"సర్వర్ లోపలి బ్యాటరీ పోయుంటుందక్కా. నాగపూర్ నుంచి తెప్పిస్తున్నా."

బ్యాటరీ వచ్చింది, మార్చాను. సాయంత్రం సర్వర్ టైము సరిచేసి వెళితే పొద్దున మళ్ళీ పది నిమిషాలు ముందుకి. కేబుల్ మార్చినా అంతే. ఒకసారి శనివారం సరిచేస్తే, ఆదివారం సెలవు దాటి సోమవారం కూడా తేడా పదే. గడియారం తనంతట తాను పరిగెత్తితే రెండు రాత్రుల తేడా రెట్టింపు కావాలి. పైగా బ్యాటరీ నీరసిస్తే గడియారం వెనకబడుతుంది. ఇది ఎవరో చేత్తో చేస్తున్న పని.

మర్నాడు అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాను. ముసలి చప్రాసీ వచ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, గోడ గడియారం చూసి, సర్వర్ టైము దానికి కలిపాడు. పాత ఆపరేటరు నేర్పాడట. జనం వేళకి రావాలని మేనేజరు ఆ గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందు పెట్టించేవాడు. చూసిన ప్రతివాడూ మనసులో పది తీసేసుకునేవాడు. యంత్రం తీసేసుకోదు.

"సాహబ్ కీ ఘడీ గలత్ హోగీ క్యా, బాబూ?" అన్నాడు చప్రాసీ, మేనేజరు గడియారం తప్పు చూపిస్తుందా అని నొచ్చుకుని.

సర్వర్‌కి పాస్‌వర్డు పెట్టి, పాత మార్కులు కొట్టేయమని మేనేజరుని అడిగాను. కంప్యూటర్‌లో ఎక్కింది ఎలా తీస్తామన్నాడు. అప్పటికే అక్క నర్సు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు.

చెబితే అక్క చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వింది. "పోనీలే, నీ మషీనుకి నయమైంది కదా. నాకూ పొద్దున్నే బస్సు వెంట ఉరుకుడు తప్పింది."

గడియారం తప్పు కాదని తేల్చిన ఆ లెక్కకి ఏ సామానూ అక్కర్లేదు, రెండు రాత్రుల తేడా చాలు; మొదట్లోనే వేసి ఉండాల్సింది. నాగపూర్ పార్శిల్ కోసం నేను ఎదురుచూసిన వారంలోనే ఆమెని తీసేయాలని నిర్ణయించారు. కూర్చుని నేనూ కాసిని కాయలు ఒలిచాను.