అగడ్త ఆయనది, మన్ను మాది

ఈ రోజు జరిగింది చెప్పకపోతే నాకు ముద్ద దిగదు. మదురై కోట చుట్టూ ఉన్న అగడ్తలో మురుగు నిలిచి జ్వరాలు వస్తున్నాయని, దాన్ని పూడ్చినవాళ్ళకే ఆ చోటు సొంతమని కుంఫిణీ దొర దండోరా వేయించాడు. ఒడ్డున అద్దె గుడిసెల్లో ఉండే మేము ఆ మాట నమ్మి ఎండాకాలమంతా తట్టలతో మన్ను మోశాం. మా అత్త మెడ ఇప్పటికీ తిరగదు.

తీరా నేల చదునయ్యాక, ఈ పొద్దున గుడిసెల సొంతదారు నాయుడుగారు కచ్చేరి బంట్రోతును వెంటబెట్టుకొచ్చి అక్కడ ముళ్ళకంప నాటించాడు.

"నా గుడిసెలో వాడిగకి ఉండేవాళ్ళు పూడిస్తే నేను పూడ్చినట్టే," అన్నాడు.

"దండోరాలో అట్ల చెప్పలేదే?" అని అడిగాను.

"సొంత ఇల్లు ఉండేవాళ్ళకే పట్టా. దొర ఉత్తరువు," అన్నాడు బంట్రోతు.

ఇల్లు ఉన్నవాడికే ఇంకో ఇల్లట! కప్పు కారుతోందని మొత్తుకుంటే "ఉంటే ఉండండి, పోతే పోండి" అన్న మనిషికి మా చెమట మాత్రం సొంతమైపోయింది.

మా అత్త పార అందుకుంది.

"సరే సామీ, ఈ పళ్ళం, ఈ గుంట నీది. మన్ను మాది కదా? మాది మేము ఎత్తుకుంటాము," అని ఆ కంప మొదట్లోనే తవ్వడం మొదలుపెట్టింది. వెనకే నేను, నా వెనక వీధిలోని ఆడవాళ్ళంతా.

పొద్దు కుంకేసరికి ఆ మూల మళ్ళీ గుంటైంది, కంప అడుగున ఊరిన మురుగులోకి ఒరిగింది.

మాది తప్పంటారా? అనేవాళ్ళు రేపు వచ్చి మా ముఖాన అనండి. కాదనేవాళ్ళు తట్ట తెచ్చుకోండి.